విదేశీ హస్తం కావాలంటే బందరు కోటలో వెతకండి

చల్లపల్లి నుంచి ఒక పాఠకుడు మాకు ఉత్తరం రాశారు. నాలుగు పేజీల ఉత్తరం. రిటైరైన ప్రభుత్వోద్యోగి. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు సమ్మెలో ఉన్న ఎన్జీవోల్లో ఆయనొకరు. కాకాని వెంకటరత్నం చనిపోయిన రోజు బెజవాడ రోడ్ల మీద ఏడ్చిన కుర్రకారులో ఒకరు. అంటే ప్రత్యేక రాష్ట్రం అడగడం ఆయనకు కొత్త కాదు. మాకంటే ముందే అడిగినవారు. అయినా ఇప్పుడు మనల్ని తిడుతున్నారు. పెద్దవారు, తిట్టే హక్కుంది. కానీ తిట్టిన మాటలకు జవాబు చెప్పకపోతే మా తప్పవుతుంది.

ఆయన మాటల సారాంశం ఇది. తెలంగాణ విడిపోయింది. రేపు రాయలసీమ అంటారు, ఎల్లుండి ఉత్తరాంధ్ర అంటారు. మహారాష్ట్రలో విదర్భ, బెంగాల్లో గూర్ఖాలాండ్ ఎలాగూ ఉన్నాయి. యుగోస్లావియా ఇలాగే ముక్కలు చెక్కలైంది. సోవియట్ యూనియన్ ఇలాగే పోయింది. అక్కడ ముక్కలు చేసింది అమెరికా, జర్మనీ. ఇక్కడ చేసేది మీరే కావచ్చు గానీ, చేయించేది ఎవరో మీకే తెలియదు. 'విదేశీ హస్తం' అని ఆయన ఆ మాట కింద రెండు గీతలు గీశారు.

ఈ మాట మాకు కొత్తది కాదు. డెబ్బయ్యో దశకంలో ఢిల్లీలో ఏ సమ్మె జరిగినా, ఏ ఊరేగింపు జరిగినా వినబడిన మాటే ఇది. 1969లో తెలంగాణ విద్యార్థులు తుపాకి గుండ్లకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చారు. ఉద్యమకారుల లెక్కలో 369 మంది. వాళ్ళను కూడా వేర్పాటువాదులన్నారు. మూడేళ్ళ తర్వాత అదే మాట కృష్ణా, గుంటూరు జిల్లాల కుర్రాళ్ళకు తగిలింది. మన పెద్దాయన కూడా ఆ రోజుల్లో ఈ మాట పడే ఉంటారు. ఒకప్పుడు తనకు తగిలిన రాయిని తీసి ఇప్పుడు ఇంకొకరి మీద విసరడం న్యాయమా అని అడగాలని ఉంది. అడగం. రాయిలో ఏముందో మాత్రం పగలగొట్టి చూద్దాం.

విదేశీ హస్తం గురించి నిజంగా తెలుసుకోవాలంటే బెల్‌గ్రేడ్ దాకా పోనక్కరలేదు. చల్లపల్లిలో బందరు బస్సెక్కితే చాలు. అక్కడ కోట శిథిలాలున్నాయి. డచ్చివాళ్ళ సమాధులున్నాయి. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్ళు వరుసగా దిగిన రేవు అది. గోల్కొండ రాజ్యానికి సముద్రపు గుమ్మం. వచ్చినవాళ్ళు మొదట అద్దకం గుడ్డలు కొనుక్కున్నారు. నూటయాభై ఏళ్ళపాటు వాళ్ళకు మన భూమితో పని లేదు, మన మగ్గంతోనే పని. మరి ఆ వర్తకులు ప్రభువులెలా అయ్యారు?

1748లో మొదటి నిజాం చనిపోయాడు. కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ గద్దె కోసం కొట్టుకున్నారు. ఒకరు ఇంగ్లీషువాళ్ళను తెచ్చుకున్నారు, ఇంకొకరు పాండిచ్చేరి నుంచి డూప్లేను తెచ్చుకున్నారు. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హతుడయ్యాడు. గద్దెక్కిన ముజఫర్ జంగ్ రెండు నెలలు తిరక్కుండా రాయచోటి దారిలో చచ్చాడు. అప్పుడు బుస్సీ అనే ఫ్రెంచి సేనాని ఖైదులో ఉన్న సలాబత్ జంగ్‌ను తెచ్చి కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టినందుకు కూలి ఇవ్వాలి కదా. 1753లో ఫ్రెంచి సైన్యం ఖర్చుల కింద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు నాలుగింటినీ ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చారు. బందరు అంతకు ముందే వాళ్ళ చేతిలో పడింది.

ఎవరిని అడిగి రాసిచ్చారు? దివిసీమ రైతును అడిగారా? దేవరకోట పరగణాలో పాలెగాడి మాట విన్నారా? పెడన నేతగాడికి తెలుసా? ఔరంగాబాదులో ఒక కాగితం మీద పడిన సంతకంతో బెజవాడ దిగువ నుంచి గంజాం అంచు దాకా ఉన్న తెలుగు కోస్తా యజమాని మారిపోయాడు.

అంతటితో ఆగలేదు. 1757 జనవరిలో బొబ్బిలి తగలబడింది. విజయనగరానికి, బొబ్బిలికి ఉన్న పాత పగకు బుస్సీ ఫిరంగులు తోడయ్యాయి. మరుసటి ఏడు విజయనగరం ఫ్రెంచివాళ్ళ మీద అలిగి ఇంగ్లీషువాళ్ళకు కబురంపింది. బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డు దిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు. 1759 ఏప్రిల్లో అర్ధరాత్రి బందరు కోట మీద దాడి చేసి ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు. ఫ్రెంచివాళ్ళకు సాయంగా సైన్యంతో బయల్దేరిన సలాబత్ జంగ్, కోట పడిపోయిందని తెలియగానే కలం మార్చాడు. మరుసటి నెలలోనే అదే బందరును, దాని చుట్టుపక్కల సీమను ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది అనే సామెత మనవాళ్ళు ఊరకే అనలేదు.

1765లో క్లైవు ఢిల్లీ పాదుషా దగ్గర సర్కార్ల కోసం ఫర్మానా తెచ్చుకున్నాడు. ఆ పాదుషాకు అప్పటికి కృష్ణానది ఏ దిక్కున ఉందో తెలుసునో లేదో! 1766 నవంబరులో నిజాం అలీతో హైదరాబాదులో ఒప్పందం కుదిరింది. ఏటా కొంత పేష్కష్ ఇస్తాం, అవసరానికి సైన్యం ఇస్తాం, సర్కార్లు మాకు వదిలేయండి అన్నారు. ఇటు వైపు బేరసారాలు నడిపింది కాండ్రేగుల జోగిపంతులు అనే మన తెలుగు దుబాసీయే. 1788లో గుంటూరు కూడా పోయింది. చివరికి 1823లో కంపెనీ ఆ పేష్కష్‌ను ఏకమొత్తంగా చెల్లించేసి ఖాతా మూసేసింది. ఈ రోజు మనం కోస్తా అంటున్న నేలను ఇలా వాయిదాల మీద అమ్మేశారు.

చరిత్ర పాఠం చెప్పడానికి ఇదంతా రాయలేదు. తెలుగువాళ్ళను ఎవరు విడదీశారని అడిగేవాళ్ళు 1969ని, 1972ని, 2009ని చూపిస్తారు. మేము 1766ని చూపిస్తున్నాం. ఆ ఒప్పందం తర్వాత 180 ఏళ్ళ పైచిలుకు అటు తెలుగువాళ్ళు, ఇటు తెలుగువాళ్ళు వేరు వేరు దొరల కింద బతికారు. ఇటు కాటన్ ఆనకట్టలు వచ్చాయి. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ. ఇంగ్లీషు బడులు వచ్చాయి, బందరులో కాలేజీ వచ్చింది, జిల్లా బోర్డులు వచ్చాయి. అటు ఉర్దూ చదువు, జాగీర్లు, దేశ్‌ముఖులు, వెట్టి. 1956లో రెండింటినీ ఒకే సచివాలయంలో కూర్చోబెట్టినప్పుడు ఇంగ్లీషు ఫైలు రాయగలిగినవాడు కుర్చీలో కూర్చున్నాడు, ఉర్దూలో చదువుకున్నవాడు వరండాలో నిలబడ్డాడు. ముల్కీ తగాదాకు మూలం అదే. గుంటూరు గుమాస్తా చెడ్డవాడూ కాడు, వరంగల్లు గుమాస్తా సోమరీ కాడు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న గోడను కట్టినవాడు లండన్ కంపెనీవాడు, ఇటుకలు అందించినవాడు నిజాం. విదేశీ హస్తం అంటే ఇది. ఉద్యోగ మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే ఒకరినొకరు తిట్టుకోవడం కొంత తగ్గుతుంది.

ఇక బహుజాతుల రాజ్యం విచ్ఛిన్నం సంగతి. దానికీ పరదేశం పోనక్కరలేదు. 1947 నాటి హైదరాబాదు సంస్థానాన్ని చూడండి. కోటీ అరవై లక్షలకు పైగా జనం. 16 జిల్లాలు. ఎనిమిది తెలుగు, అయిదు మరాఠీ, మూడు కన్నడం. జనంలో దాదాపు సగం తెలుగువాళ్ళు. పాలన మాత్రం ఉర్దూలో. యుగోస్లావియాలో ఆరు రిపబ్లిక్కులుండేవంటారు. ఆ ఆరింటికీ శాసనసభలన్నా ఉన్నాయి. హైదరాబాదులో తెలుగువాడు తన భాషలో సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావలసి వచ్చేది.

బ్రిటిష్‌వాడు పోతున్నాడనగానే 1947 జూన్‌లో నిజాం స్వతంత్రంగా ఉంటానని ఫర్మానా ఇచ్చాడు. సలహాదారు ఇంగ్లీషు బారిస్టరు వాల్టర్ మాంక్టన్. సముద్రం లేని దేశానికి రేవు కావాలి కనుక పోర్చుగీసు గోవా మీద కన్నేశారు. మన బందరు మీద కూడా నిజాం ప్రభుత్వానికి పాత హక్కు ఒకటుంది. 1802 నాటి వర్తక ఒప్పందంలో ఆ రేవును స్వేచ్ఛగా వాడుకునే వీలు రాసుకున్నారు. అమ్మేసిన ఇంట్లో గుమ్మం మాత్రం నాదే అన్నట్టు! యథాతథ ఒప్పందం 1947 నవంబరులో అయింది. అది అమల్లో ఉండగానే పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల సెక్యూరిటీలు అప్పుగా పోయాయి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో ఆయుధాలు దించాడు. ఆనకట్ట కట్టిన కాటనూ, తుపాకులు దించిన కాటనూ వేరు, పేరు మాత్రం ఒకటే.

1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి సమావేశమై విషయాన్ని ఎజెండాలో పెట్టింది. అనుకూలంగా ఎనిమిది ఓట్లు పడ్డాయి. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. అంటే పెద్ద దేశాలన్నీ తలుపు సగం తెరిచే ఉంచాయి. మర్నాడు నిజాం లొంగిపోయాడు. తర్వాత నిజామే ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. ఆ అయిదు రోజులు యాభై రోజులై ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. అదే సమయంలో లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట పడిన పది లక్షల పౌండ్ల గొడవ 2019 అక్టోబరులో గానీ అక్కడి హైకోర్టులో తేలలేదు. అప్పటికి వడ్డీతో అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. పరాయివాడి గల్లాపెట్టెలో పడిన తగాదాకు 71 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడాలో, బీదరు, గుల్బర్గా వైపు ఏమీ తెలియని ముస్లిం రైతులు, కూలీలు వేల సంఖ్యలో చచ్చిపోయారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని లెక్క చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటికి రానీయలేదు. అంతకు ముందు రజాకార్లు ఊళ్ళు తగలబెట్టారన్నది ఎంత నిజమో ఇదీ అంతే నిజం. పైవాళ్ళ పంతాలకు కిందివాళ్ళు బలైపోవడానికి బోస్నా దాకా పోనక్కరలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

చల్లపల్లివారికి ఇంకో సంగతి. పక్కనే ఉన్న మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు తెలంగాణ సాయుధ పోరాటం నడిపిన నాయకుల్లో ఒకరు. 1951లో ఆయన, డాంగే, అజయ్ ఘోష్, బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ను కలిశారు. పోరాటం కొనసాగించాలా, ఆపాలా అన్నది అక్కడ చర్చకు వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. నల్లగొండ రైతు తుపాకి దించాలా వద్దా అన్న మాటకు క్రెమ్లిన్ సలహా కావలసి వచ్చిందన్నమాట. ఆ నాయకుల త్యాగాన్ని మేము తక్కువ చేయం. జైళ్ళకు పోయారు, ఆస్తులిచ్చారు, డెల్టా ఇళ్ళలో తెలంగాణ దళాలకు అన్నం పెట్టారు. కానీ విదేశీ హస్తం అంటే అమెరికాది మాత్రమే అనుకునే పెద్దాయనకు ఇది గుర్తుచేయక తప్పదు.

ఇంతకీ హైదరాబాదు అనే ఆ బహుభాషా రాజ్యం ఎప్పుడు ముక్కలైంది? 1948లో కాదు. 1956 నవంబరు 1న. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు, తెలుగు జిల్లాలు ఆంధ్రకు పోయాయి. భూమ్మీద అంత పెద్ద రాజ్యం మూడు ముక్కలైతే ఎంత నెత్తురు పారాలి? విభజన రోజున పారలేదు. భద్రతామండలి కూర్చోలేదు, ఏ రాయబారీ పరుగెత్తలేదు. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ ఊరూరూ తిరిగి వినతిపత్రాలు తీసుకున్నారు. పార్లమెంటు చట్టం చేసింది. అయిపోయింది. ఆ కమిషన్ తెలంగాణను 1961 ఎన్నికల దాకా వేరుగా ఉంచమన్నది. శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపమన్నది. ఆ ఒక్కమాట వినకుండా తొందరపడటంతోనే తర్వాతి కథంతా వచ్చింది. అది వేరే సంపాదకీయం.

ఇప్పుడు యుగోస్లావియాకు వద్దాం. నెహ్రూ, టిటో చేతులు పట్టుకుని తిరిగిన రోజులు పెద్దాయనకు గుర్తుంటాయి. 1961 బెల్‌గ్రేడ్ సదస్సు కూడా. ఆ దేశం ఎక్కువ రాష్ట్రాలివ్వడం వల్ల పోయిందా? కాదు. 1980లో టిటో పోయాడు. విదేశీ అప్పులు మెడకు చుట్టుకున్నాయి, ఐఎంఎఫ్ షరతులు వచ్చాయి, ధరలు ఆకాశానికి పోయాయి. కడుపు మండిన జనానికి మిలోషెవిచ్ అన్నం పెట్టలేక పక్కవాడి మీద కసి పెట్టాడు. 1989లో కొసావోకు ఉన్న స్వయంపాలనను లాగేసుకున్నాడు. అక్కడ మొదలైంది. ఉన్న హక్కులు పీకేస్తే మిగతావాళ్ళు రేపు మా వంతని భయపడ్డారు. 1991 జూన్ 25న స్లోవేనియా, క్రొయేషియా వెళ్ళిపోతున్నామన్నాయి.

మరి విదేశాలు? ఉన్నాయి. కాదనం. కానీ చూడండి, నాలుగు రోజుల ముందు అమెరికా విదేశాంగ మంత్రి బేకర్ బెల్‌గ్రేడ్ వచ్చి విడిపోతే గుర్తించమని చెప్పి వెళ్ళాడు. ఆగస్టు 1న బుష్ కీవ్ వెళ్ళి ఉక్రెయిన్ జనానికి తొందరపడవద్దని సుద్దులు చెప్పాడు. అదే ఏడాది డిసెంబరు 23న జర్మనీ ఎవరి మాటా వినకుండా క్రొయేషియాను, స్లోవేనియాను గుర్తించింది. 1992 జనవరి 15న మిగతా యూరప్ వెనకే నడిచింది. బోస్నాలో లక్షమంది చచ్చారు. స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో ఎనిమిది వేలమంది మగవాళ్ళను, కుర్రాళ్ళను చంపుతుంటే ఐక్యరాజ్యసమితి సైనికులు పక్కనే ఉన్నారు. 1999లో సమితి అనుమతి లేకుండానే నాటో 78 రోజులు బాంబులు వేసింది. 2008లో కొసావో స్వతంత్రం అన్నది. మన దేశం ఈ రోజుకీ గుర్తించలేదు. 2014లో క్రిమియాను కలిపేసుకున్నప్పుడు రష్యా అధ్యక్షుడు పుతిన్ వేలెత్తి చూపింది ఆ కొసావోనే. ఒకరోజు ఐక్యత, మర్నాడు స్వయంనిర్ణయం. పెద్ద దేశాలకు సిద్ధాంతం లేదు, అవసరం ఉంది.

1971ని కూడా చెప్పుకోవాలి. పాకిస్తాన్ రెండు ముక్కలైంది. అక్కడ విదేశీ హస్తం ఎవరిది? మనదే. గర్వంగానే చెప్పుకుంటాం. కానీ ఆ దేశాన్ని విరిచింది మన సైన్యం ఒక్కటే కాదు. 1952లో బెంగాలీ భాష అడిగిన విద్యార్థుల మీద ఢాకాలో కాల్పులు జరిపినవాళ్ళు, 1970 ఎన్నికల్లో గెలిచిన ముజీబ్‌కు గద్దె ఇవ్వనివాళ్ళు ముందు విరిచారు. కర్ర విరిగిపోయాక పక్కవాడు తీసుకుపోయాడు. సలాబత్ జంగ్ కాలం నుంచి ఇస్లామాబాదు జనరళ్ళ దాకా కథ ఇంతే. అడిగినవాడికి ఇంట్లో జవాబు దొరకనప్పుడే బయటివాడికి పిలుపు పోతుంది.

మరి ప్రత్యేక రాష్ట్రం అడిగినవాళ్ళు ఎవరిని పిలిచారు? పొట్టి శ్రీరాములు 58 రోజులు కడుపు మాడ్చుకుని 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. ఆయన అడిగింది నెహ్రూని. తెలంగాణ కోసం ఉస్మానియా పిల్లలు అడిగింది పార్లమెంటుని. జై ఆంధ్ర అన్న ఎన్జీవోలు అడిగింది ఇందిరాగాంధీని. 2000 నవంబరులో పదిహేను రోజుల్లో మూడు రాష్ట్రాలు పుట్టాయి. ఛత్తీస్‌గఢ్‌కు ఏ దేశం రాయబారిని పంపింది? జార్ఖండ్ కోసం ఏ నాటో బాంబు వేసింది? మూడో అధికరణం అనే దారి ఉంది కనుక జనం ఢిల్లీ రైలెక్కారు. 1991లో బెల్‌గ్రేడ్‌లో అలాంటి దారి లేదు. ఆ దారిని మూసేయమనడమే మనల్ని యుగోస్లావియా చేయడం.

ఆ దారి నున్నగా ఉందని మేము అనం. ఇక్కడ పెద్దాయన కోపంలో న్యాయం ఉంది. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో లోక్‌సభలో మిరియాల పొడి చల్లారు, తలుపులు మూశారు, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, బిల్లు గట్టెక్కింది. తెలంగాణకు హక్కుగా రావలసింది దొంగచాటుగా వచ్చినట్టు కనబడింది. కోస్తావాళ్ళకు వాళ్ళ మాట వినలేదన్న గాయం మిగిలింది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయానికి మూడో అధికరణంలో విలువ లేదు, అడుగుతారు అంతే. మాకు లాభించింది కదా అని ఈ లోటును లోటు కాదనడం నిజాయితీ కాదు. రేపు ఇంకెవరికో ఇదే కత్తి తగులుతుంది. చెకోస్లోవేకియా 1993 జనవరి 1న నెత్తురు చుక్క పడకుండా విడిపోయిందని అందరూ మెచ్చుకుంటారు. అక్కడా జనాన్ని ఓటు అడగలేదు. మాంటెనీగ్రో మాత్రం 2006లో 55 శాతం గీటు పెట్టుకుని 55.5 శాతంతో దాటింది. అడగడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అటు చూడాలి.

ఉద్యోగులు అడిగే ప్రశ్న ఇంకొకటి. విడిపోతే మా గతేమిటని. స్లోవేనియాలో 1992 ఫిబ్రవరిలో ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్న పాతికవేలమందికి పైగా, ఎక్కువగా ఇతర రిపబ్లిక్కుల నుంచి వచ్చినవాళ్ళ పేర్లు నివాసుల జాబితా నుంచి ఒక్క దెబ్బతో తుడిచేశారు. ఉద్యోగం, వైద్యం, పింఛను అన్నీ పోయాయి. వాళ్ళను 'తుడిచివేయబడ్డవారు' అనే పిలుస్తారు. మన దగ్గర కమలనాథన్ కమిటీ జాబితాల మీద ఎన్ని తగాదాలు వచ్చినా, విద్యుత్ ఉద్యోగులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా, ఎవరి పౌరసత్వమూ పోలేదు. పాస్‌పోర్టు మారలేదు. హైదరాబాదులో ఇల్లు కట్టుకున్న గుడివాడవాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. రాష్ట్రం వేరవడానికి, దేశం వేరవడానికి ఉన్న తేడా ఇదే. ఈ తేడా తెలిసే కొందరు 2009 తర్వాత బెదిరింపుగా యుగోస్లావియా పేరెత్తారు. మనవాళ్ళలో కూడా కొందరు మైకు దొరికితే పక్క ప్రాంతంవాళ్ళను పరాయి దేశంవాళ్ళన్నట్టు మాట్లాడారు. అప్పుడే గట్టిగా ఖండించవలసింది. మేమూ అంత గట్టిగా ఖండించలేదు.

చివరగా నీళ్ళు. ఉత్తరం నాలుగో పేజీలో పెద్దాయన అసలు బాధ అక్కడ బయటపడింది. చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక కాలువ చివరి ఊళ్ళు. పైన ఎవరు తూము ఎత్తినా దించినా ముందు ఎండేది ఆ చివరి పొలమే. కృష్ణాలో 811 టీఎంసీల్లో తాత్కాలికంగా 512 ఆంధ్రకు, 299 తెలంగాణకు అని పంచుకున్నారు. దాని మీద తెలంగాణకు న్యాయమైన ఫిర్యాదు ఉంది, డెల్టాకు న్యాయమైన భయం ఉంది. తొమ్మిది, పది షెడ్యూళ్ళ ఆస్తులు 2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు ముగిసేనాటికి కూడా పూర్తిగా తేలలేదు. యుగోస్లావియా వారసులు కూడా ఆస్తుల పంపకం మీద సంతకాలు పెట్టడానికి 2001 దాకా ఆగారు, అదీ వియన్నా వెళ్ళి. మనకు వియన్నా అక్కర్లేదు. రెండు ముఖ్యమంత్రుల మధ్య 275 కిలోమీటర్ల రోడ్డు ఉంది, అంతే. ఆ రోడ్డు మీద ప్రయాణం చేయకుండా ఇద్దరూ ఢిల్లీకి విడివిడిగా ఎగురుతుంటే, ఢిల్లీ వాడు తీర్పరి వేషం కడతాడు. బుస్సీ కట్టింది కూడా ఆ వేషమే.

పెద్దాయనకు మా మనవి ఒకటే. ఈసారి ఉత్తరం రాసేటప్పుడు చల్లపల్లి కాలువలో ఈ ఖరీఫ్‌కు నీళ్ళు ఏ తేదీన వచ్చాయో, ఎన్ని తడులు అందాయో రాయండి. నల్లగొండ జిల్లాలో ఎడమ కాలువ చివరి ఊరి నుంచి కూడా అదే లెక్క తెప్పిస్తాం. రెండు ఉత్తరాలూ ఒకే పేజీలో, పక్కపక్కన వేస్తాం.